నన్ను నేను తిట్టుకున్న లెక్క

డాక్టరమ్మ గారికి, సూరాడ కారయ్య నమస్కారం.

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా రాత బాగుండదు. తడి ఇసుకలో పీత నడిచినట్టుంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో మా ఊరి బడిలో పంతులు చెప్పే ఉంటారు. ఆ పూట నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉండి ఉంటాను. ఐదో తరగతి దాకా చదివాను. ఇప్పుడు ఆ బడి నీళ్లకింద ఉంది. అందుకని మళ్లీ వెళ్లి అడగడానికి లేదు.

పోయిన బేస్తవారం గట్టు మీద మీ ఆసుపత్రిలో రెండు గంటలు నన్ను కూర్చోబెట్టి ఏవేవో అడిగారు. చివరికి ఏడీహెచ్‌డీ అన్నారు. చిన్నప్పటినుంచీ ఉన్నదే, పేరు మాత్రం అరవై ఏడేళ్లకు దొరికింది అన్నారు. గుండె పరీక్ష కాగితం వచ్చాక మందు సంగతి చూద్దాం, ఈలోగా రోజూ ఏం చేశారో రాయండి, మిమ్మల్ని మీరు ఎన్నిసార్లు తిట్టుకున్నారో కూడా రాయండి అన్నారు. తర్వాత ఒక మాట అడిగారు. ఈ తిట్లు లేకపోతే మీరు చేయాలనుకునే పని ఏమిటి అని.

నేను జవాబు చెప్పలేదు. కొత్తవాళ్ల ముందు నాకు మాట పెగలదు. పడవ కూడా కదిలే వేళయింది. ఇప్పుడు చెబుతున్నాను. నాకు ఇంకొక్కసారి తూము మోకు పట్టాలని ఉంది.

అదేమిటో చెప్పాలి. మాది పదకొండు తెప్పల ఊరు. తెప్పకు తెప్ప కట్టి, అన్నిటినీ ఒక పెద్ద మోకుతో సముద్రం అడుగున ఉన్న లంగరుకు కట్టాం. ప్రతి అమావాస్యకూ ఊరంతా ఆ మోకు దగ్గర చేరుతుంది. పెద్ద ఒక్కో పని పేరు పిలుస్తాడు. ఆ పని తీసుకునేవాళ్లు ముందుకొచ్చి, రెండు చేతులా మోకు పట్టుకుని, "నాది" అంటారు. మళ్లీ అమావాస్య దాకా ఆ పని వాళ్లదే. పట్టమని ఎవరూ ఎవర్నీ నెట్టరు. పట్టిన చేతిలోంచి ఎవరూ లాక్కోరు.

అన్నిటికంటే పెద్ద పని, సముద్రం నీళ్లను మంచినీళ్లు చేసే మర తూము. రెండు గంటలకోసారి తూము విప్పాలి. అడుగున పేరుకున్న ఉప్పునీరు పోతుంది. రెండు వందలు లెక్కపెట్టి బిగించాలి. వేళకు విప్పకపోతే ఉప్పు పైకెక్కి మంచినీళ్లలో కలుస్తుంది. వేళకు బిగించకపోతే ఉప్పు వెనకాలే మంచినీళ్లూ పోతాయి.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట తూము నాది. విప్పాను. డాల్ఫిన్లు వచ్చాయి. చూడ్డానికి వెళ్లాను. మూడు రోజుల నీళ్లు సముద్రంలో కలిశాయి. ఆ రోజు నా బావమరిది దానయ్య పెళ్లి. పప్పు సముద్రం నీళ్లతో వండారు. అప్పటినుంచి నా పేరు ఉప్పు కారయ్య. మళ్లీ నేను మోకు ముట్టలేదు.

మొదటి రోజు

నా భార్య రాజులమ్మ గుప్పెడు చింతపిక్కలు ఇచ్చింది. తిట్టుకున్నప్పుడల్లా ఒక పిక్క కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వేయాలని అనుకున్నాను. సాయంత్రం లెక్కపెడితే నలభై నాలుగు. ఎడమ జేబుకు చిల్లుంది. ముందే చూసుకోనందుకు ఇంకోసారి తిట్టుకున్నాను. నలభై ఐదు.

పనులు గుర్తుచేసే నా చెవిపూస ఈ రోజు యాభై ఎనిమిదిసార్లు మాట్లాడింది. కారయ్య గారూ, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లండి. కారయ్య గారూ, మీరు తువ్వాలు తీసుకోలేదు. కారయ్య గారూ, మీరు స్నానానికి బయలుదేరారు, ఇది వంటపాక. మర్యాదగానే చెబుతుంది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. రాజులమ్మ పూస రోజుకు నాలుగుసార్లు మించి మాట్లాడదు. దాని గొంతు నా పూస గొంతు కంటే తీరిగ్గా ఉంటుందని నాకు అనుమానం.

రెండో రోజు

పొద్దున "కారయ్య గారూ, మీరు" అని పూస ఆగిపోయింది. ఏం చేశానో చెబుతుందని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చెప్పలేదు.

అందరి పూసలూ ఆగిపోయాయి. మా ఊరి పెద్ద గరికిన ఎల్లాజీ పూసలకు మాట పంపే స్తంభం ఎక్కి చూశాడు. లోపలి ముక్కను ఉప్పు తినేసింది. కొత్తది గట్టు నుంచి రావాలి. సముద్రం పోటు మీద ఉంది, పదిరోజుల దాకా పడవ రాదు.

పూసలు వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయింది, అప్పటినుంచి గడియారాలు కూడా మానేశాం. మా ఊళ్లో సగం మందికి పూస లేని రోజు తెలియదు. మధ్యాహ్నం పక్క తెప్పలో ఒక అమ్మాయి వచ్చి, ఆకలి వేస్తే ఎలా తెలుస్తుంది పెదమ్మా అని రాజులమ్మను అడిగింది. కడుపులో పిల్లి తిరుగుతాదమ్మా అని చెప్పింది. ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకుని, తిరుగుతున్నాది అంది.

రాజులమ్మ కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇదే మొదలు. నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. నేను ఇంకో ముద్ద పెట్టుకున్నాను. నాకు ఆ కూర బాగుంది.

తిట్లు నలభై. పూస లేదు కాబట్టి పెరుగుతాయనుకున్నాను, పెరగలేదు.

మూడో రోజు

ఇవాళ ఇతరుల లెక్క కూడా రాద్దామని కూర్చున్నాను. వల బాగు చేసుకుంటూ మధ్య తెప్ప మీద ఉంటే అందరూ కనిపిస్తారు.

ఒకాయన తన పడవ అనుకుని వేరేవాళ్ల పడవ ఎక్కి చాలా దూరం వెళ్లొచ్చాడు. ఒకావిడ ఆరబెట్టిన చేపలు తీయడం మరిచి గద్దలపాలు చేసింది. ఎల్లాజీ మీటింగు పెట్టి తానే రాలేదు. చూస్తుండగా తొమ్మిది మంది మరిచిపోయారు. తొమ్మిది మందినీ చెవులు నిక్కబెట్టి విన్నాను. ఒక్కరూ తమను తాము తిట్టుకోలేదు.

"నానేటి సేత్తాను, పూస సెప్పనేదు." అందరి మాటా అదే. చెప్పి, నవ్వేసి, మళ్లీ పనిలోకి వెళ్లిపోయారు.

నేనూ ఆ రోజు ఒకటి మరిచిపోయాను. అల్లే దారపుకండె ఎక్కడో పెట్టేశాను. వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: తొర్రి బుర్ర, ఎందుకూ పనికిరానోడు, నీకన్నా ఆ గుంజ నయం. ఆ తర్వాత ఆగి ఆలోచించాను. గద్దలకు చేపలు పెట్టినావిడ పూసను తిట్టింది. దారపుకండె పారేసుకున్న నేను నన్నే ఎందుకు తిట్టాను? పూస నాకూ చెప్పలేదు కదా.

దీనికి జవాబు మీకు తెలిసి ఉంటుంది. తిట్లు ముప్పై ఒకటి.

ఐదో రోజు

నాలుగో రోజు రాయడం మరిచిపోయాను.

పొద్దున టీ ఉప్పగా ఉంది. ఈసారి రాజులమ్మ తప్పు కాదు. ఈ నెల తూము దానయ్యది. వేళకు విప్పలేదు. ఒకసారి కాదు, నిన్న రెండుసార్లు. రెండు తొట్లలో ఒకటి పాడైపోయింది. రెండో తొట్టి మూడు రోజులకు వస్తుంది. పడవ రావడానికి ఇంకా వారం ఉంది. రెండు వందల అరవై మందిమి ఉన్నాం.

ఎల్లాజీ అందరినీ పిలిచాడు. దానయ్య మోకు పక్కన నిలబడ్డాడు. అతను ప్రతి పెళ్లిలోనూ నా డాల్ఫిన్ల కథ చెబుతాడు. తోకలు ఎలా ఊపాయో కూడా చేసి చూపిస్తాడు.

"ఏటి దానయ్యా, ఏటయినాది?" అన్నాడు ఎల్లాజీ.

"ఏటవుతాది? పూస సెప్పనేదు. కూకునే ఉన్నాను మర పక్కన. ఉన్నట్టుండి పొద్దు నడినెత్తికొచ్చీసినాది."

"పడవొచ్చేదాకా ఈ తొట్టి కూడా పోతే అందరం ఏటి తాగుతాం?"

"నాకు తెల్దేటి?"

కాసేపు అందరూ నీళ్లవంక చూశారు. అన్నివైపులా నీళ్లే. దానయ్య గొంతు మామూలుగా పెద్దది. ఆ వేళ చిన్నగా వచ్చింది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

తిట్లు ఇరవై ఆరు.

ఆరో రోజు

మధ్యాహ్నం దానయ్య మా పాకకు వచ్చాడు. తల వంచి గుమ్మంలోంచి చూశాడు.

"బావా, ఉన్నావేటి?"

"ఉన్నాను."

"అప్ప నేదా?"

"నాసు కొయ్యడానికెల్లినాది."

"అయితే సెప్తాను. ఎవరితోటీ అనకు." లోపలికొచ్చి కూర్చున్నాడు. "నాకు తూము గురుతుండట్లేదు. ఎంత పట్టుగా కూకున్నా ఎక్కడికో ఎల్లిపోతన్నాను. నువ్వు పూసలు రాకముందు ముప్పై ఎనిమిదేళ్లు ఇలాగే ఉన్నావు గదా. ఎలా బతికినావు మరి?"

ఎగతాళి చేస్తున్నాడేమో అని మొహం చూశాను. చేయడం లేదు. నా జన్మలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ అడిగేది, నువ్వెందుకు ఇలా ఉన్నావు అని.

పొయ్యి వైపు చూపించాను. పొయ్యి మీద టీ ఉంది. పొయ్యి పక్కన నా కుడికాలి చెప్పు ఉంది.

"ఇదేటి, పొయ్యి కాడ సెప్పు?"

"టీ ఎట్టినప్పుడు అక్కడెడతాను. ఒంటిసెప్పుతో బయటికెల్తే తెప్ప మీద పరిసిన ఎండ కరెంటు పలకలు కాలు కాల్సేత్తాయి. అప్పుడు టీ గురుతొత్తాది."

దానయ్య చెప్పు వంకా, నా కాలి వంకా చూశాడు.

"ముప్పై ఏళ్లబట్టీ నీకు సెప్పులేసుకోడం కూడా రాదనుకుంటన్నాను."

"నానూ అదే అనుకుంటన్నాను," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. టీ పొంగింది. మాట్లాడుతూ ఇద్దరం దాన్ని మరిచిపోయాం.

పూసలు రాకముందు వేసిన వలలకు కాపలా ఉండే పనిలో నేను ఒక ఉపాయం వాడేవాణ్ని. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఒక కుండకు సన్నటి చిల్లు పెట్టి, సముద్రం నీళ్లు పోసి, వెదురుకు వేలాడదీయాలి. కింద పళ్లెం. పళ్లెం కింద మన చాప. చుక్కలు పడి పడి రెండు గంటలకు పళ్లెం నిండి పొర్లుతుంది. చాప తడుస్తుంది. ఎంత పరధ్యానంలో ఉన్నా కూర్చున్నచోట తడి తగిలితే లేవకుండా ఎవడూ ఉండడు. లేచి పళ్లెంలో నీళ్లు మళ్లీ కుండలో పోస్తే, మళ్లీ మొదలు. తూము బిగించడం మరిచిపోకుండా ఇంకోటి. విప్పినప్పుడు పిడికి ఒక తాడు కట్టి, రెండో కొస నడుముకు కట్టుకోవాలి. ఐదు బారలు. బిగించేదాకా విప్పుకోకూడదు.

"మేకలాగా," అన్నాడు దానయ్య.

"మేకలాగే."

"బాగున్నాది. కానీ నీ దగ్గర నేర్సుకున్నానని తెలిస్తే నా పరువేటవుతాది?"

"నాను సెప్పను."

తిట్లు పంతొమ్మిది. టీకి రెండు.

ఏడో రోజు

చాప పనిచేసింది. పగలంతా దానయ్య ఏడుసార్లు తడిసి ఏడుసార్లు లేచాడు. ఊరంతా వచ్చి చూసింది. ముడ్డి తడిస్తే మంచినీళ్లు అని పిల్లలు పాట కట్టారు. ఈ తెలివి ఎక్కడిదని అడిగితే, ఆలోచించాను అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కోపం రాలేదు, కొంచెం మాత్రం వచ్చింది.

పాడైన తొట్టి నీళ్లు మళ్లీ తియ్యగా అవుతున్నాయి.

దానయ్యకు కునుకు కావాలి కదా. రేపు మధ్యాహ్నం రెండు వంతులు నువ్వు కూర్చో బావా, ఎవరూ చూడకుండా మర వెనక నుంచి రా అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అడిగాడు. సరే అన్నాను. తిట్లు పన్నెండే కానీ రేపటి గురించి భయం ఉంది.

ఎనిమిదో రోజు

మర వెనకే కూర్చున్నాను. దానయ్య పందిరి కింద నిద్రపోయాడు. మొదటిసారి చాప తడిసింది. లేచాను. నడుముకు తాడు కట్టుకున్నాను. తూము విప్పాను. రెండు వందలు లెక్కపెట్టాను. బిగించాను. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఆ పిడి నా చేతిలో తిరిగింది. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. దానయ్య గురక పెడుతున్నాడు.

తర్వాత వల అందుకున్నాను. మంచి వల, లోపల పెద్ద చిరుగు. చిరుగు పెద్దదైతే నా ధ్యాస ఎక్కడికీ పోదని మీకు ఆ రోజు చెప్పాను కదా. అల్లుతూ ఉన్నాను. ఎంత హాయిగా ఉందో. ఎండకు ఆరిన చాప పొడిగానే ఉంది. పొడిగా ఉంటే ఇంకా వేళ కాలేదన్నమాట.

చిరుగు పూర్తయ్యాక తలెత్తాను. పొద్దు నీళ్లను తాకబోతోంది.

కుండలో చుక్క లేదు. మొదటిసారి పళ్లెం నిండినప్పుడు ఆ నీళ్లు కుండలో పోయలేదు. సముద్రంలోకి విసిరేశాను. తెప్ప మీద పుట్టి పెరిగిన ఎవరి చెయ్యయినా పళ్లెంలో నీళ్లు కనిపిస్తే సముద్రంలోకే విసురుతుంది. నా చెయ్యీ అదే చేసింది. నాకు తెలియనే లేదు.

తూము విప్పి బిగించాను. దానయ్యను లేపాను. తొట్టిలో నీళ్లు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఇంటికెళ్లు బావా అన్నాడు.

పిక్కలు చాలలేదు. ఉన్నవి అరవై, అన్నీ ఎడమ జేబులోకి పోయాయి. అది ఒక్క గంటలో. ఈ కాగితం మీద ఇంకేమీ రాయలేను.

తొమ్మిదో రోజు

పొద్దున అందరి టీ ఉప్పగా ఉంది. తాగలేనంత కాదు, మొహం చిట్లించేంత. ఎల్లాజీ మళ్లీ పిలిచాడు. అందరూ దానయ్య మీద పడ్డారు. మేకలా కట్టేసినా మారవా అన్నారు. నీకు గుంజ చాలదు, గానుగ కావాలి అన్నారు. దానయ్య తల గోక్కుంటూ నిలబడ్డాడు. నా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

నేను అందరి వెనకాల ఉన్నాను. అతను ఒక్క మాట అంటే చాలు. బావ కూర్చున్నాడు అంటే చాలు, ఊరంతా నమ్ముతుంది. అనలేదు. పెళ్లిళ్లలో తోక ఊపే మనిషి ఇక్కడ నోరు విప్పలేదు.

నేను ముందుకు నడిచాను. నడవడం కంటే రాజులమ్మ వీపు మీద చెయ్యి వేసి తోసింది అనడం నిజం. నా మొహం చూసి రాత్రే కనిపెట్టేసింది.

"నాను," అన్నాను. ఎవరికీ వినిపించలేదు. మళ్లీ అన్నాను. "నిన్న మజ్జానం కూకున్నది నాను. దానయ్య కాదు."

ఎవరో వెనకనుంచి ఉప్పు అన్నారు, మిగిలిన మాట అనలేదు. నేను తిట్ల కోసం ఎదురు చూశాను. అవి ఎలా ఉంటాయో నాకు ముందే తెలుసు. నిన్నటినుంచి అన్నీ నాకు నేనే చెప్పుకున్నాను.

ఎల్లాజీ అడిగాడు. "ఎలా జరిగినాది చిన్నాన్నా?"

ఎందుకు అని కాదు. ఎలా అని. నేను చెప్పాను. పళ్లెం, చెయ్యి, సముద్రం, వల. మొత్తం చెప్పాను. ఊరి ముందు ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నాకు ఇదే మొదలు.

"ఓలమ్మ," అంది ఒకావిడ. "నానూ విసిరేద్దును. పళ్లెం సేతికొత్తే ఇంకేటి సేత్తాం?"

"నానూ నిన్న రెండుమాట్లు విసిరీసినాను," అన్నాడు దానయ్య. "ఎంటనే గురుతొచ్చి ముంచి పోసినాను, అంతే."

"మరైతే పళ్లేనికి తాడు కట్టండి," అంది రాజులమ్మ. "వెదురుకి కట్టండి, సంద్రం దాకా రాకుండా. మా మావను కట్టినప్పుడు పళ్లేన్ని కట్టలేరేటి?"

జనం నవ్వారు. అక్కడికక్కడే ఇద్దరు వెళ్లి కట్టేశారు. ఈ తొట్టి నీళ్లు రేపటికి తేరుకుంటాయని ఎల్లాజీ చెప్పాడు. అంతే. సభ అయిపోయింది. డాక్టరమ్మ గారూ, నిజంగా అంతే. నేను ఇంకా అక్కడే నిలబడ్డాను. మిగతాది ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాను. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. దానయ్య ఒక్కడే ఉన్నాడు.

"పొద్దున్నుంచి నన్ను ఎన్ని తిట్లు తిట్టినారో తెల్సా బావా," అన్నాడు. "అవన్నీ నీవి. పట్టుకెల్లు."

"నువ్వే ఉంచుకో. నా కాడ సానా ఉన్నాయి," అన్నాను.

"ముందే సెప్పొచ్చు గదా నా పేరు," అని అడిగాను తర్వాత.

"అది నువ్వు సెప్పుకోవాల్సింది. నానెందుకు సెప్తాను?" అని వెళ్లిపోయాడు.

తిట్లు లెక్కపెట్టలేదు.

పదో రోజు

ఇప్పుడు ఊరంతా గుర్తులు. చేపలు ఆరబెట్టినావిడ తన ముక్కుపుడక తీసి చేపల పక్కన డబ్బాలో పెట్టింది. మీటింగు ఉన్న రోజు ఎల్లాజీ చొక్కా తిరగేసి వేసుకుంటున్నాడు. పొద్దుటినుంచి నలుగురు మా పాకకు వచ్చి, నాకిది గుర్తుండట్లేదు, ఏం చేయాలి అని అడిగారు. నేను నలుగురికీ చెప్పాను. ఒకరికి చెప్పిన ఉపాయం పనిచేయలేదు. రేపు ఇంకోటి చూద్దాం అన్నాను. ఆ మాట నేను అన్నాక, ఎవరన్నారా అని వెనక్కి చూశాను.

మధ్యాహ్నం రాజులమ్మ చేపలు కోస్తూ, తల ఎత్తకుండా అంది. "మావా, ఇన్నేళ్లూ ఆ సెప్పు పొయ్యికాడ చూసినప్పుడల్లా నిన్ను తిట్టినాను. పొయ్యి శుభ్రంగా ఉండనీవు గదా అని."

"తిట్టినావు."

"ఎందుకెడతన్నావో సెప్పొచ్చు గదా."

"సిగ్గేసినాది."

"ఎడ్డిమావ," అంది. ఒక చేప కడుపు చీల్చి, లోపలిది తీసి పారేసి, "నానూ ఎడ్డిదాన్నే, అడగనేదు," అంది.

ఈ తిట్టు నా లెక్కలో వేయాలా, ఆమె లెక్కలో వేయాలా తెలియలేదు. ఎక్కడా వేయలేదు. మిగతావి ఏడు.

పదకొండు, పన్నెండు రోజులు

రాయలేదు. మరిచిపోయి కాదు. మధ్యాహ్నం వంతులు అందరికీ తెలిసేలా నేనే కూర్చుంటున్నాను. తాడు కట్టుకున్నవాడి చెయ్యి ఖాళీ ఉండదు.

పదమూడో రోజు, అమావాస్య

పొద్దున్నే పడవ వచ్చింది, కొత్త ముక్క తెచ్చింది. ఎల్లాజీ స్తంభం ఎక్కి బిగించాడు. పూసలు మాట్లాడాయి. అందరూ చెవులు పట్టుకుని నవ్వారు. నా పూస ఏమందంటే, కారయ్య గారూ, మీకు ఆరు వందల నలభై సూచనలు మిగిలి ఉన్నాయి. దాన్ని తీసి జేబులో పెట్టాను. రేపటినుంచి పెట్టుకుంటాను. అది మంచిదే, నాకు కావాలి. ఇవాళ ఒక్కరోజు ఊరుకోమన్నాను.

ఎండ ఎక్కకముందే మోకు దగ్గర చేరాం. ఎల్లాజీ పిలవడం మొదలుపెట్టాడు. ఎండ పలకలు తుడిచే పని ఒకావిడ పట్టింది. నాచు పని ఇద్దరు పట్టారు. తర్వాత ఎల్లాజీ తూము అన్నాడు.

ఎవరూ కదలలేదు. పూసలు వచ్చాయి కదా, ఎవరైనా పట్టొచ్చు. ఎవరూ నా వంక చూడలేదు. దానయ్య పడవ తెరచాప వంక చూస్తున్నాడు. ఎల్లాజీ తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. రాజులమ్మ ఈసారి నా వీపు మీద చెయ్యి వేయలేదు. రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. పట్టమని ఎవర్నీ నెట్టకూడదు కదా.

నా లోపల పాత గొంతు మొదలుపెట్టింది. నీకెందుకురా, మళ్లీ మరిచిపోతావు అంది. నిజమే, మరిచిపోతాను. పోయిన వారమే మరిచిపోయాను, ఊరంతా ఉప్పు టీ తాగింది, తర్వాత పళ్లేనికి తాడు కట్టాం. ఇంకోటి మరిచిపోతే ఇంకో తాడు కడతాం. ఆ గొంతు ఇంకా ఏదో చెబుతుండగానే నేను నడిచాను.

మోకు తడిగా, గరుకుగా ఉంది. రెండు చేతులా పట్టాను. అది అటు చివర లంగరు దాకా వెళుతుంది కదా, సముద్రం కదిలినప్పుడల్లా చేతుల్లో లాగుతుంది. అది మరిచిపోయాను నేను, ఇన్నేళ్లకు.

"నాది," అన్నాను.

ఎల్లాజీ రాసుకున్నాడు. చప్పట్లు కొట్టడం మాకు లేదు. నేను పట్టుకునే ఉన్నాను. కళ్లలో ఏదో పడింది, సముద్రం గాలి.

చాలాసేపటికి పక్కనుంచి దానయ్య గొంతు వినిపించింది. "బావా, ఇంక వొగ్గు. ఎనకాల ఇంకా తొమ్మిది పనులున్నాయి, జనాలు నిలబడిపోనారు."

వదిలాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డాక్టరమ్మ గారూ, ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. మీరు నన్ను వచ్చే బేస్తవారం మధ్యాహ్నం రమ్మన్నారు. గుండె కాగితం చూసి మందు సంగతి చెబుతానన్నారు. మందు వద్దని కాదు, తప్పకుండా వస్తాను. కానీ వచ్చే బేస్తవారం మధ్యాహ్నం నాకు తూము ఉంది. ఈ నెలంతా ఉంది. పొద్దుటి పూట నా బదులు దానయ్య కూర్చుంటానన్నాడు. కాబట్టి వేరే వారం పొద్దున్నే చూసేలా నాకొక రోజు ఇవ్వండి. ఈ ఉత్తరం తెచ్చిన పడవ గట్టు మీద రెండు గంటలే ఆగుతుంది. అదే పడవలో జవాబు పంపితే, ఆ రోజుకు దానయ్యకు ముందే చెప్పి పెట్టుకుంటాను. ఆలస్యం చేయకుండా రాయండి. వంతు ఉన్నవాణ్ని, ముందుగా తెలియాలి.

ఇట్లు,
సూరాడ కారయ్య,
తూము, ఆరో తెప్ప